లాగ్‌బుక్కులో లేని గడి

గంటగంటకీ రాయాలి.
సక్షన్ ఎంత, డిశ్చార్జి ఎంత,
గాజుకంటిలో ఆయిలు ఎక్కడిదాకా ఉంది,
నాలుగో ఛాంబర్లో చలి ఎన్ని డిగ్రీలు.
ఓనరు గడులు గీయించి అచ్చు వేయించాడు.
శబ్దానికి మాత్రం గడి లేదు.

ఏటుకూరు రోడ్డు మీద
లక్ష టిక్కీల మిరపకాయలకి నేను రాత్రి కాపలా.
కర్ర పట్టుకునే కాపలా కాదు,
రెండు కంప్రెసర్లకి కునుకు పట్టకుండా చూడటం.
గోడ అవతల రోహిణి కార్తె రోళ్ళు పగలగొడుతుంటే
గోడ ఇవతల తేజా కాయ
చలికి ముడుచుకుని ఎర్రగా పడుకునుంటుంది.

మా అమ్మ యార్డు పక్క కల్లాల్లో ముచ్చికలు తీసేది.
రాత్రిళ్ళు అరచేతులు మండి మజ్జిగలో ముంచుకునేది.
నా వేళ్ళు కొంకర్లు పోతాయి, టీ గ్లాసు చుట్టి కూర్చుంటాను.
కాయ ఒకటే.

ఐటీఐలో మా ట్రేడుకి ఇరవై మందిమి,
ఆడపిల్లని నేనొక్కదాన్నే.
సారు బోర్డు మీద గీసిన బాణాలు
కంప్రెసరు నుంచి బయల్దేరి కంప్రెసరుకే వచ్చేవి.
వర్క్‌షాపులో ఉన్న ఒక్క మిషన్నీ ఎవరో ఎప్పుడో విప్పారు,
బిగించినవాళ్ళు లేరు.
అందరం పాసయ్యాం.

"సర్టిఫికెట్టు బీరువాలో పెట్టు ఎస్తేరూ, చెవి ఇటివ్వు"
అన్నాడు బాజీ మావ, మొదటి రాత్రి.
పొడుగు స్క్రూడ్రైవరు కొన బేరింగుకి ఆనించి
పిడిని నా చెవి వెనక ఎముక మీద నొక్కాడు.
తలలోకి ఒక పిండిమర వచ్చి పడింది.
"అందులో సన్నగా ఇంకోటుంది, విను. పళ్ళు నూరుతోంది.
ఇవాళ నూరుతుంది, రేపు కరుస్తుంది."
ఓనరు నమ్మలేదు.
తొమ్మిదో రోజున కరిచింది.

అమ్మోనియా లీకయితే ముక్కు కంటే ముందు కన్ను ఏడుస్తుందని,
గంధకం పుల్ల వెలిగించి జాయింటు జాయింటుకీ తిప్పితే
తెల్లపొగ లేచినచోటే దొంగ ఉన్నాడని,
పరిగెత్తాల్సి వస్తే గాలికి ఎదురు పరిగెత్తాలని,
ఇవేవీ పరీక్షలో రాలేదు.

మా బ్యాచి పున్నారావు బెజవాడలో లిఫ్టులు చూస్తాడు.
మధ్యలో ఇరుక్కున్నవాళ్ళతో తలుపు సందులోంచి మాట్లాడటమే
సగం రిపేరంటాడు.
సువార్త మా ట్రేడు వదిలేసి డయాలసిస్ నేర్చింది,
నెత్తుటి పైపులో గాలిబుడగ కోసం కాచుకుని కూర్చుంటుంది.
ఫోన్లో మేం ముగ్గురం మాట్లాడుకునేది జీతాల గురించే.
నా ఐడీ కార్డు మీద ఏడేళ్ళుగా 'హెల్పరు' అనే ఉంది.
మార్చాలంటే మళ్ళీ లామినేషన్ చేయించాలట.

పోయినేడు బాజీ మావని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.
ముప్పై రెండేళ్ళ కంప్రెసర్లు
కుడి చెవిని పూర్తిగా, ఎడమ చెవిని సగం తినేశాయి.
టెక్నీషియన్ పిల్ల హెడ్‌ఫోన్లు పెట్టి
"వినపడితే చెయ్యెత్తు తాతా" అంది.
ఆయన చెయ్యి బల్ల మీదే ఉంది.
గీత కిందికి, ఇంకా కిందికి దిగింది.
అంతా అయ్యాక లేస్తూ,
"అమ్మాయ్, నీ మిషన్లో ఫ్యాను బుష్షు అరిగింది,
బల్ల చెబుతోంది, చూపించుకో" అన్నాడు.
ఆ పిల్ల నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి
తనూ బల్ల మీద చెయ్యి పెట్టింది.

ఇప్పుడు నా దగ్గరికి ఒక కుర్రాడొచ్చాడు, తిరుపాలు.
మీసం ఇంకా రాలేదు, సర్టిఫికెట్టు వచ్చేసింది.
స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని
"ఏం వినాలక్కా?" అంటాడు.
"నిన్నటిలా లేనిది" అన్నాను.

లాగ్‌బుక్కులో చివరి గడి పక్కన
పెన్సిలుతో ఒక నిలువు గీత గీశాను.
ఓనరు చూస్తే రబ్బరుతో చెరపొచ్చు.
తెల్లారుజామున మూడింటికి వాడు అందులో
వంకర అక్షరాలతో రాశాడు:
"రెండో కంప్రెసరు. దగ్గు. పొడి దగ్గు."

నేను చదివి
కొట్టెయ్యలేదు.
స్పానరు తెమ్మన్నాను.