నూట యాభై గ్రాములు

లాలాగూడ గేటు దాటినంక
రైల్వే గోడ పొంటి మూడో షట్టరు నాది.
ఎబెనెజర్ స్క్రాప్.
బోర్డు మీద పావురం,
దాని కింద నా ఫోన్ నంబరు.

మందిరానికి కొత్త మైకులొచ్చిన ఏడు
పాత లౌడ్‌స్పీకరు నాకే అమ్మిండ్రు.
ముప్పై ఏండ్లు వాక్యం పలికిన డబ్బా
రెండు సుత్తి దెబ్బలకే విచ్చుకుంది.
లోపల నల్లటి అయస్కాంతం,
అరచేతిల పట్టేంత.
తీసి, కాంటాకు
రాళ్ల పళ్లెం కింద అంటించిన.
నూట యాభై గ్రాములు.
ఎవరికి కనపడ్తది?

తెల్లారకముందే గల్లీలు జల్లెడ పట్టి
కూల్‌డ్రింకు డబ్బాలు ఏరుకొచ్చేది మొగులమ్మ.
వారానికి రెండు తూకాలు.
ఆమెకు పోయింది నేనెన్నడూ రాసిపెట్టలే.
కానుక కవరు మీద మాత్రం
దశమభాగం అని రాసి
పైసల దాకా లెక్క కట్టిన.

అది దొంగసొమ్ముల పదోవంతని
నాకు తట్టనే లేదంటే
ఇంకో అబద్ధమైతది.
తట్టింది.
తట్టినప్పుడల్లా కవర్ల ఇంకో పది కలిపేటోణ్ని.

నాన్న నాకు నతనయేలని పేరు పెట్టిండు.
కపటం లేనోడంట.
వర్క్‌షాపుల ఫిట్టరాయన.
ఒక బోల్టు మర్చిపోయి జేబుల ఇంటికొస్తే
వానల నడిచిపోయి ఇచ్చొచ్చినోడు.
ప్రార్థన మాత్రం సక్కగ రాకపోయేది,
నలుగుర్ల నిలబడితే మాటలు చిక్కువడేవి.
నాకు బాగొస్తది.
నా ప్రార్థనకు జనం ఏడుస్తరు.

శుభ శుక్రవారం, మిట్టమధ్యాహ్నం.
ఫ్యాన్లు ఉడుకుగాలినే తిప్పుతున్నయి.
సిలువ మీది ఏడు మాటల్ల
అయిదోది నాకిచ్చిండ్రు, దాహం గురించి.
తెల్ల చొక్కా. మంచి గొంతు.
తడుపుకుందామని గ్లాసు ఎత్తిన.

కిటికీ అవతల,
మందిరం పంపు పక్కన మొగులమ్మ.
జనం పడేసిన సీసాలు ఒక్కోటి వంచి
అడుగున మిగిలిన గుక్కెడు గుక్కెడు
ఒకే సీసాల పోసుకుంటుంది.
పంపుకు తాళముంది.
తాళం వేయించింది కమిటీ.
కమిటీల నేనున్న.

ఆ తర్వాత ఏం మాట్లాడిననో యాది లేదు.
బాగా చెప్పినవన్నడు అయ్యగారు.

శనివారం పొద్దున పళ్లెం బోర్లించి
స్క్రూడ్రైవర్‌తో పెరికిన.
ఊకె రాలే అది.
నాలుగేండ్లు అంటుకున్న ఇనుమును
అంత తొందరగ విడువదు.

మొగులమ్మ సంచి దించింది. తూచిన.
ముల్లు దిక్కు చూసి, నా దిక్కు చూసి,
"అన్నా, నీ కాంటా ఖరాబైనట్టుంది.
గిన్ని డబ్బాలకు గింత ఎన్నడూ రాలే.
నీకే నష్టమైతది, బాగుచేయించుకో" అన్నది.

మైకు ముందు ఏనాడూ తడబడని నాలుక
కుర్చీ కింద దూరిన కుక్కపిల్లలెక్క
ఎంత పిలిచినా బయటికి రాలే.
కుండల నీళ్లు ముంచిచ్చిన.
ఆమె తాగింది.
గ్లాసు కింద పెట్టేదాక ఆగి
అయస్కాంతం ఆమె చేతుల పెట్టి
చెప్పిన.

తిట్టలే. ఏడ్వలే.
అరచేతిల దాన్ని పైకి కిందికి ఆడించి
"ఎన్నేండ్లు?" అన్నది.
నాలుగు.
"కాయితం మీద రాసియ్యి,
నా మనుమడు చదువుతడు."

చేతికందింది కానుక కవరే.
దాని వెనుక రాసిన:
అరవై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు.
మొగులమ్మ తానే కాంటా ఎక్కి కూసున్నా
అంత తూగదు.

గల్లల ఉన్నంత ఇచ్చిన, మిగిలింది బాకీ.
కవరు కొంగుకు ముడేసుకొని
అయస్కాంతం సంచిల వేసుకుంది.
"ఇది వేరే దుకాణంల అమ్ముకుంట" అనుకుంట
వెనక్కి చూడకుండ పోయింది.

ఈస్టర్ తెల్లవారుజామున
సాక్ష్యం చెప్పమని పిలిచిండ్రు.
జేబుల పంపు తాళంచెవి.
కమిటీని అడగలే, తెరిచే వచ్చిన.
నిలబడ్డ.
మొదటి మాటకే చిక్కువడ్డ.
ముందు వరుసల ఎవరో దగ్గిండ్రు,
అయ్యగారు గడియారం చూసుకున్నడు.

బయట పంపు కింద
బకెట్ నిండుతున్న చప్పుడు.