నీలంగా మిగిలిన రెండు

కలాసిపాళ్యంలో కింద లారీ ఆఫీసు, పైన మా ల్యాబు.
ధర్మవరం, ధర్మవరం, హిందూపురం అని
బస్సుల అరుపులు కిటికీలోంచి వస్తూనే ఉంటాయి.

నాలుగు గాజుపలకలు, నాలుగు ప్రోటీన్లు.
అసలు పేర్లు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ.
మేము మాత్రం రెండు జతల అన్నదమ్ములంటాం.
అన్న పడిపోతే తమ్ముడు నిలబడడు.

ఉన్నచోట గోధుమరంగు పట్టాలి.
మొదటి జతకు పట్టింది, చిక్కటి డికాక్షన్‌లా.
రెండో జత నీలం. ఉత్త నీలం.
నా చెయ్యే తప్పిందనుకున్నాను.
మైనపు దిమ్మ మళ్ళీ కోశాను,
మళ్ళీ రంగు వేశాను.
గడ్డ నీలంగానే ఉంది.
మధ్యలో ఇరుక్కున్న కాపలా కణాలు మాత్రం
గోధుమ చుక్కలై, నీ తప్పు కాదులే అన్నాయి.

2217. పురుషుడు. ముప్పై తొమ్మిది.
పెద్దపేగు, కుడివైపు.
నాకు అంతవరకే తెలియాలి.

దిమ్మలు తీసుకుపోవడానికి అక్క వచ్చింది, చౌడరత్నమ్మ.
కబ్బన్‌పేటలో పట్టుచీరలకు రఫ్ పని.
చూపుడువేలి కొసంతా సూది గాట్లు.
"ఏముండాది సార్ దాంట్లో?"
ఏముందని కాదమ్మా, ఏం లేదో చూశాం.
అది డాక్టరు చెప్పాల్సిన మాట.
డాక్టరు మంగళవారం గానీ రాడు.

నాకొచ్చినట్టు చెప్పాను:
కణం రెండుగా చీలేముందు
తన రాతంతా ఎత్తి రాసుకుంటుంది.
ఉన్నవి నాలుగే అక్షరాలు.
ఒకచోట ఒకే అక్షరం వరసగా ఇరవయ్యారు సార్లు.
అక్కడ లెక్క తప్పుతుంది,
నిద్రమొహంతో ఇంపోజిషన్ రాసే పిల్లాడికి తప్పినట్టు.
వెనకే నడిచి దిద్దేవాళ్ళు ఇద్దరుండాలి.
మీ తమ్ముడి గడ్డలో ఆ ఇద్దరూ లేరు.

కొంగు అంచు వేళ్ళతో తడుముతూ నిలబడింది.
"నేసేటోడు ఎప్పుడూ తప్పేటోడే సార్.
రఫ్ చేసేటోడు పనికి రాలేదు, అంతేనా?"
పదకొండేళ్ళుగా ఈ రంగులు వేస్తున్నాను.
ఇంత పొట్టిగా ఎవరికీ చెప్పలేకపోయాను.

"మా నాయన నలభై రెండుకే పోయినాడు.
మేనత్తకు గర్భసంచి.
కారం తిని పేగు పుండైందనుకుంటిమి.
అమ్మవారి మొక్కు బాకీ అనుకుంటిమి."
అప్పటికే వేళ్ళు మడుస్తోంది:
దొడ్డబళ్ళాపురం చెల్లెలు, హోసూరు తమ్ముడు,
వాడి కవల పిల్లలు.
సగానికి సగం అన్నాను.
ఒక్కొక్కరికీ బొమ్మా బొరుసే.

మంచిమాట కూడా ఒకటుంది, అదీ చెప్పాను.
తప్పులు ఇంతగా పోగైన గడ్డ దాక్కోలేదు.
కాపలా కణాల గంతలు విప్పే మందుంది,
ఇలాంటి గడ్డల మీదే అది బాగా పనిచేస్తుందట.
రేటు అడిగింది. చెప్పాను.
కిటికీ వైపు తిరిగింది.

"ఒకసారి చూడొచ్చునా?"
ఒక కన్ను మూసి మైక్రోస్కోపులోకి వంగింది,
చీరలో తెగిన పోగు వెతికేదానిలా.
చాలాసేపు చూసింది.
"బాగుండాది సార్, నీలం," అంది,
అని, అన్నందుకు సిగ్గుపడింది.

చొక్కా చెయ్యి పైకి లాక్కుంది.
"నా నెత్తురు ఈడనే తీస్తారా?"
ఇక్కడ కాదమ్మా. ముందు కౌన్సెలర్‌తో మాట్లాడాలి.
అడ్రసు రాసిచ్చాను.

దిమ్మల కవరు చంకన పెట్టుకుని దిగింది.
మెట్ల మలుపులో ఫోను మోగుతున్న చప్పుడు,
అవతల ఎవరో ఎత్తారు.
"ఆఁ... తింటివా?" అని మొదలుపెట్టింది.