పెట్రోలు డబ్బులు

ముమ్మిడివరంలో, మందుల కొట్టుకీ టైర్ల షాపుకీ మధ్య
ఒక్క షట్టరు.
లోపల రెండు బల్లలు, పాత ఫ్రిజ్జు,
సీసాల్లో రొయ్యల చెరువుల నీళ్లు.
చెయ్యేరు, పల్లంకుర్రు, కాట్రేనికోన
మూతల మీద స్కెచ్ పెన్నుతో.
బోర్డు మీద నా పేరే, దుర్గాప్రశాంతి.
అక్షరాలు కాస్త చిన్నవి చేయించాడు అన్నయ్య,
"ఊరందరికీ కనపడాలా ఏంటి?" అని.

బ్యాంకులో నాన్న హామీ సంతకం పెట్టాడు.
కాగితం చదవలేదు.
పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకుని
బయటికొచ్చి చెరుకురసం తాగాడు,
నాకు కావాలా అని అడగలేదు.
ఆ తర్వాత మూడు నెలలు
ల్యాబ్ అనే మాటని మా ఇంట్లో
ఆరబోసిన ధాన్యంలా
తొక్కకుండా పక్కనుంచి నడిచారందరూ.

అమ్మ మాత్రం క్యారేజీ పంపేది.
పై గిన్నెలో పప్పు, కింది గిన్నెలో అన్నం,
మధ్య గిన్నెలో రోజూ ఒకటే మాట:
"చీకటి పడకముందే వచ్చెయ్."

సీసాలు మోసింది అన్నయ్య లోవరాజే, కాదనను,
ఎండలో, గట్లమ్మట, రోజుకి నలభై కిలోమీటర్లు.
అడిగిన ప్రతి రైతుకీ
"మా ల్యాబేనండి, చెల్లెలు చూసుకుంటాది" అన్నాడు.
చూసుకుంటాది!
ఆ మాటకి కోపం తెచ్చుకుందామంటే
వాడి చొక్కా వీపు మీద ఉప్పు చార.

మగాళ్లొచ్చే చోట పిల్ల ఒక్కతే కూర్చోకూడదని
నానమ్మని కాపలా పెట్టారు.
ప్లాస్టిక్ కుర్చీ, తమలపాకుల సంచి.
మొదటి వారం కునుకు,
రెండో వారం అనుమానం,
నెల తిరిగేసరికి
ఒక్క అక్షరం రాని సుభద్రమ్మ గారు
గాజు గొట్టాన్ని వెలుతురుకి పట్టి
"పసుపు కాదే, ఆకుపచ్చ తిరిగింది.
వీడి చెరువు పోద్ది" అంటోంది.
రంగు కార్డు తీసి చూస్తే
ముసల్దే రైటు.

నాతో చదివిన కెజియా అని ఒకమ్మాయి ఉంది.
మైక్రోస్కోపు కింద నాకు మచ్చ కనపడేలోపు
దానికి జబ్బు పేరు తెలిసిపోయేది.
దాని తరఫున సంతకానికి ఎవరూ రాలేదు.
ఇప్పుడు యానాంలో బట్టల షాపులో బిల్లులు కొడుతోంది.
నా తెలివిని ఎవరన్నా మెచ్చుకుంటే
నాకు దాని వేళ్లు గుర్తొస్తాయి.

ఆగస్టు ముసురులో, రాత్రి రెండున్నరకి ఫోను.
చెయ్యేరు సత్తిబాబు గారు.
రొయ్యలన్నీ పైకి తేలి
గట్టుకి కొట్టుకుంటున్నాయంట.
మీటరు సంచిలో పెట్టుకున్నాను.
గుమ్మంలో అమ్మ.
చీకటి ఎప్పుడో పడిపోయింది గనక
తన దగ్గర ఇంకో మాట లేదు.
అన్నయ్య గురక.
వీధిలో బండి స్టార్టయింది.
నాన్న! లుంగీ మీదే, తల మీద గోనెసంచి కప్పుకుని.

దారంతా కప్పలే మాట్లాడాయి.
గట్టు మీద నాన్న టార్చి పట్టుకుంటే
మీటరు నీళ్లలోకి దించాను.
ఆక్సిజన్ రెండు కూడా లేదు.
సత్తిబాబు గారు నా వైపు చూడనే లేదు.
"ఏం చెయ్యమంటారు బావగారూ?"
ఇన్నేళ్లూ ఏ ప్రశ్నకైనా
జవాబు తడుముకోని మనిషి
టార్చి నా మొహం మీదకి తిప్పి
"నాకేం తెలుసండి. ఆవిణ్ణి అడగండి."

ఆవిణ్ణి.
పుట్టి ఇరవై నాలుగేళ్లు
నేను అది, పిల్ల, ఒసే.
కళ్లల్లో లైటు పడి నాకేం కనపడలేదు.
"ఏరేటర్లన్నీ తిప్పండి. మేత ఆపండి.
జనరేటరు లేకపోతే ఇప్పుడే తెప్పించండి."
గొంతు వణికింది.
అయినా ఆయన పరిగెత్తాడు.

సగం చెరువు దక్కింది.
సగం పోయింది.

తెల్లారాక ఫీజు మూడొందలు పుస్తకంలో రాస్తుంటే
నాన్న షట్టరు దగ్గర నిలబడి
"పెట్రోలుకి ఎనభై అయింది" అన్నాడు.
ఇచ్చాను.
లెక్కపెట్టుకున్నాడు, రెండుసార్లు,
ఎవరి దగ్గరో పని చేసిన కూలి
లెక్కపెట్టుకున్నట్టు,
జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కెజియాకి ఫోను చేశాను.
వచ్చి పని చేస్తావా అంటే
"జీతమా, వాటానా?" అంది.
నేను ఆలోచిస్తున్నాను.
గొట్టం వెలుతురు నుంచి దించకుండానే నానమ్మ
"ముందు నా సంగతి తేల్చవే" అంది.