పదకొండు సెకన్ల వాన

నువ్వు పోయాక అందరూ నన్నే అడుగుతున్నారు, ఇలారియోన్.
నీ సినిమాలకు కత్తెర వేసినదాన్ని కదా,
నీ బతుకు కూడా నా దగ్గర చుట్టలు చుట్టి ఉందనుకుంటారు.

ఉన్నది ఒక రేకు డబ్బా.
ఒకప్పటి మిఠాయిల డబ్బా, మూత మీద తుప్పు.
లోపల నీవి నలభై రెండు ముక్కలు,
తీసెయ్యమని మాస్కో చెప్పినవి.
పారెయ్యమని కూడా చెప్పింది.
ఆ రెండో మాట నాకు వినపడలేదు.

ఒక్కో ముక్కా కిటికీకి ఎదురుగా పట్టుకుంటాను.
ఇది గుర్రం. నీస్త్రు ఒడ్డున, పొగమంచులో
ఎవరిదీ కాని తెల్ల గుర్రం.
దాని కోసం యూనిట్ అంతటినీ ఐదు రోజులు చలిలో నిలబెట్టావు.
కెమెరా తిమోఫెయ్ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టి
ఆరో నాటి తెల్లారగట్ల అది తల ఎత్తగానే
కెమెరాకి ఆనించిన కన్ను తియ్యకుండానే ఏడ్చాడు.

ఇది బల్ల. ఉత్త బల్ల.
రొట్టె లేదు, గిన్నె లేదు, పైన గుడ్డ లేదు.
"సామానేది?" అని ఎర్ర పెన్సిలుతో రాశారు.
నలభై ఆరు చలికాలానికి నీకు ఏడేళ్లు.
అటక మీది గింజల్ని చీపురుతో ఊడ్చుకుపోయారని
ఒకే ఒక్కసారి చెప్పావు,
వైన్ ఎక్కువై కాదు, తక్కువై.
మీ అమ్మ రోజూ ఆ బల్ల తుడిచేదట,
తుడవడానికి ఏమీ లేకపోయినా.

ఇక ఇది వాన.
అక్రోటు చెట్టు మీద, పదకొండు సెకన్లు.
చెట్టు కింద ఎవరూ లేరు, ఎవరూ రారు.
కమిటీ గదిలో పదిమంది, పది గ్లాసుల టీ.
"దీని అర్థమేమిటి, కామ్రేడ్ బ్రనిష్టె?"
"వాన పడుతోంది," అన్నావు.
ఆ జవాబుకి ఆరేళ్లు సినిమా ఇవ్వలేదు.

ఆరేళ్లూ ట్రాక్టర్ల మీద, ద్రాక్ష తెగుళ్ల మీద చిన్న చిత్రాలు.
బూజు పట్టిన ఆకుని నువ్వు చూపించిన తీరుకి
రైతులకి రోగం మీద ప్రేమ పుడుతుందేమోనని
వ్యవసాయ శాఖ బెంగపడింది.

తర్వాత ఆ పెద్ద సినిమా. పతకం, అరువు కోటు, పరాయి ఊళ్లో పూలగుత్తి.
అదంతా పేపర్లలో ఉంది.
వాటిలో లేనిది: తిరిగొచ్చిన రాత్రే ఎడిటింగ్ గదిలోకొచ్చి
"మూడో రీలులో పన్నెండు ఫ్రేములు ఎక్కువ, అక్సేనియా" అన్నావు.
లెక్కపెట్టాను. పదమూడు.

దేశం పేరు మారింది. డబ్బు మారింది. లిపి మారింది.
యాభై దాటాక నీ పేరు నువ్వే
బడిపిల్లాడిలా కూడబలుక్కుని రాశావు.
స్టూడియోని సోఫాల గోడౌనుకి అద్దెకిచ్చారు.
మన చీకటి గదిలో పరుపులు, నిటారుగా.

అప్పుడు పెళ్లి వీడియోలు.
ఒర్హేయ్ దగ్గర ఒక ఊళ్లో, స్మరాండ అనే అమ్మాయి పెళ్లిలో
పెళ్లికూతుర్ని వదిలేశావు, బాజాల్ని వదిలేశావు.
చివరి బల్ల దగ్గర వాళ్ల నాయనమ్మ
రొట్టె నలుసులు ఒక్కొక్కటే వేలికంటించుకుని
రుమాల్లో మూటకట్టుకోవడం తీస్తూ కూర్చున్నావు.
వాళ్లు డబ్బివ్వలేదు. న్యాయమే.
బస్సు ఛార్జీ నేనే పెట్టుకున్నాను.

పోయిన వారం ఆ స్మరాండ వచ్చింది.
ఇటలీలో ఎవరి ముసలివాళ్లనో చూసుకుంటోందట.
ఇక్కడ తన ముసలమ్మ పోయి నాలుగేళ్లు;
సమాధి మీద పెట్టడానికి సరైన ఫొటో కూడా లేదట.
"ఆ క్యాసెట్ ఉందా?" తల దించుకుని అడిగింది.

ఉంది. కిందిగదిలో, దోసకాయ ఊరగాయ జాడీల వెనక.
పాత మిషన్ తల మీద రెండు దెబ్బలు వేస్తే తిరిగింది.
ఒక చెయ్యి కనిపించింది. వేలి చివర ఒక నలుసు.
అంతే, టేపుకి చెమ్మ పట్టింది,
తెర నిండా పై నుంచి కిందికి తెల్లటి గీతలు.
ఆమె ఆపమనలేదు.
చాలాసేపటికి, మెల్లగా,
"ఇదేమిటి, అవ్వా?" అంది.

వాన పడుతోంది, అన్నాను.