మూడు వేళ్ళ విత్తు

పోయినేడు నరికిన స్ప్రూస్ చెట్లు
సావో కొండవాలున పడుకునే ఎండిపోయాయి.
ఇవాళ గాలి వెళ్ళి సరస్సు మీద నిద్రపోయింది.
"అంటించండి" అంది వల్పూరి.
గాలి సంగతి ఆమె మోకాళ్ళకు ముందే తెలుస్తుంది.

నిప్పు పైనుంచి కిందికి రావాలి,
కొండ దిగే ముసలి ఎద్దులా.
పరిగెత్తిందా, ఇక అడవి మనది కాదు.
తహ్వో పొడుగాటి వాసంతో
కాలే దుంగల్ని దొర్లిస్తున్నాడు.
నేలంతా ఒక్కతీరుగా కాలాలి,
రొట్టె కాలినట్టు, మాడకుండా.
కనుబొమలు ఎప్పుడో పోయాయి వాడికి,
మొహం ఆశ్చర్యపడటం మరిచిపోయింది.

మూడో రోజు
భూర్జ బెరడు చెప్పులు విడిచి
బూడిదలో అడుగేసింది వల్పూరి.
అరికాలు ఓర్చుకుంటే గింజా ఓర్చుకుంటుంది.
ఒడిలోంచి రై గింజలు
మూడు వేళ్ళకు అందినన్నే.
"ఇంత పలచగానా అత్తా?"
కిర్స్తి ఇంకా కొత్త కోడలు.
ముసల్ది పలకలేదు,
జానెడు జాగా వదిలి ఇంకో చిటికెడు.

రెండు పంటలు. మహా అయితే మూడు.
ఆపైన భూమి మొహం తిప్పేసుకుంటుంది.
మేకల్ని, గొడ్డళ్ళని, కుండలో నిప్పుకణికని
పడవకెత్తి మరో ఒడ్డుకు.
ఆమెకిది ఏడో ఒడ్డు.
మొదటి ఒడ్డున వదిలొచ్చిన రాతిపొయ్యి
నోట్లోంచి భూర్జ మొలిచిందని
చేపలవాళ్ళు చెప్పారు.

"ఎంత లావుంది?"
"గొడ్డలి పిడంత."
"అయితే ఇంకో ఇరవై ఏళ్ళు"
అంది వల్పూరి,
వేళ్ళ బూడిద దులుపుకుంటూ.