ఏటవాలు గీత

తోర్స్‌హావ్న్‌లో వాన అడ్డంగా కురుస్తుంది.
రన్వా కిటికీ మూసి
వెబ్‌సైట్ చిరునామాలు సర్దుతోంది:
పడవలు, గీత, పేరు.
వలలు, గీత, పేరు.
చావులు, గీత, పేరు.

"వర్గం" అన్న మాట ప్రతిదాంట్లోనూ ఉంది.
చేపలోంచి ముల్లు లాగినట్టు
ఒక్కొక్కటీ లాగి పారేసింది.

"సూలా" దగ్గర చెయ్యి ఆగింది.
పడవే. మునిగిన మాటా నిజమే.
కానీ హైనీ మావయ్య
పెళ్ళికెళ్ళింది దాంట్లోనే,
తనని గొర్రెపిల్లల మధ్య కూర్చోబెట్టుకుని.
ఏ అరలో పెట్టాలి?

కాఫీ చల్లారింది.
ఏ అరా లేకుండా
గుమ్మంలోనే పెట్టేసింది:
గీత, సూలా.

పాత చిరునామా మాత్రం చెరపలేదు.
అటొచ్చినవాళ్ళని ఇటు పంపమంది.
నెలకోసారి, తెల్లవారుజామున నాలుగింటికి,
ఎవరో
ఇంకా ఆ పాత తలుపే తడుతున్నారు,
చావుల వైపున్నది.