డూపు

చంద్రగిరి కోట వెనక గోడ మీద
ఢిల్లీబాబు చీర కట్టుకుంటా ఉండాడు.
కుచ్చిళ్లు నేనే పోస్తా ఉండా.
ఆ నడుముకు ఆరు గజాలు యాడ చాలతాయి,
పిన్నీసు మీద పిన్నీసు గుచ్చినా
పొట్ట కాడ జారిపోతాది.
"మెల్లగా మే, మునీశ్వరీ" అంటాడు,
సవరం అతికించిన జిగురు చెవి వెనక మండి.
పొద్దున్నించి మూడోసారి
సెల్వమణక్క పౌడరు కొట్టింది.
అయినా పచ్చగా తేలతానే ఉంది
రేపటి గడ్డం.

సీరియల్లో రాణి దూకాల.
ఇరవై రెండడుగులు.
కింద అట్టపెట్టెలు, వాటి మీద పరుపు,
పరుపు మీద నా కండ్లు.

నాకు రాక కాదు.
తాతయ్యగుంట సందుల్లో
ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకి
తెగిన గాలిపటం కోసం దూకిన కాళ్లు ఇవి.
జూడో సారు మొదటి నెలంతా
ఒకటే నేర్పినాడు, పడటం.
"భుజం ముందు, వీపు తర్వాత,
ఊపిరి ఆఖర్న."
కార్డు కోసం పోతే యూనియన్ ఆఫీసులో
"ఆడోళ్లకు ఫైటరు కార్డు ఎందుకమ్మా,
హెయిర్ డ్రస్సరని రాసేదా?" అన్నారు.
రాసేసినారు.
నాలుగేండ్లుగా దువ్వెన పట్టుకోని నిలబడుండా
దూకేవాళ్ల పక్కన.

మగోళ్లు చీర కట్టేది మాకు కొత్త కాదు.
జాతర వారంలో మా నాయన
మా యమ్మ పెండ్లి కోక కట్టి, కాటిక పెట్టి,
చేతిలో వేపమండతో గంగమ్మ గుడికి పొయ్యేవాడు.
ఆ పొద్దు ఇంట్లో ఎవురూ నవ్వేవాళ్లు కాదు.
గుళ్లో అమ్మ ముందర తల వంచి
మాపటికి కోక మడత పెట్టి
ఇంట్లో అమ్మ చేతికే ఇచ్చేవాడు.

ఇది మొక్కు కాదు, వోచరు.
దూకినోడికి నాలుగు వేలు.
కుచ్చిళ్లు పోసినదానికి ఏడొందలు,
రెండో బంతిలో అన్నం.

చీర అంచు సర్దతా వంగితే
గుప్పున కోడిగుడ్డు సొన వాసన.
మోకాలికి పసరు, వెదురు బద్దలు, గుడ్డ.
పుత్తూరు కట్టు.
"ఎప్పుడు?"
"మొన్న, తలకోన కాడ. మాస్టరుకి చెప్పొద్దు మే.
చెప్తే రేపట్నుంచి పిలవరు."

ఇద్దరం కిందికి చూసినాం.
పరుపు చానా చిన్నగా కనపడింది.
సవరం పీకి నా చేతికిచ్చినాడు.
"ఇది నాకెందుకు?" అన్నా,
"నా జడ నాకుండాది."

కింద మాస్టరు అరస్తా ఉండాడు,
పొద్దు కొండ మీద కూర్చునేసింది.
వెలుతురు పోతే ఇంకో రోజు బాడుగ.
"సరే, ఎవురో ఒకరు దూకండి!"
నేను గోడ అంచున నిలబడి
"ముందు వోచరు రాయండి సార్" అన్నా.
మేనేజరు నవ్వి
"లేడీసుకు సగం ఇచ్చేది మామూలే గదమ్మా" అన్నాడు.

"సగమే ఇస్తే సగమే దూకతా.
పదకొండు అడుగుల కాడ గాల్లో నిలబడుకుంటా,
మీరే వచ్చి దించుకోండి."

లైట్‌బాయ్ ముందు నవ్వినాడు.
తర్వాత సెల్వమణక్క పౌడరు డబ్బా మూత పెట్టేసి
మెట్టు మీద కూర్చునింది.
రాణి పాత్ర పిల్ల, నిన్నటిదాకా నా పేరడగని పిల్ల,
కుర్చీలోంచి లేచి "రాయండి" అనింది.
మేనేజరు పెన్ను రాయలేదు.
ఢిల్లీబాబు కుంటుకుంటా దిగి
ఎవురి జోబీలోంచో ఇంకోటి తెచ్చి
అదే చీరతో, అదే బొట్టుతో
పెట్టెలు ఒక్కొక్కటీ తట్టి సర్దినాడు.

భుజం ముందు.
వీపు తర్వాత.

నేను పడిన చప్పుడన్నా నాదే అనుకున్నా.
అదీ తర్వాత కలుపుతారంట.

వోచరు చూసుకున్నా.
అచ్చులో ఉన్న "హెయిర్ డ్రస్సరు" కొట్టేసి
పైన మిగిలిన ఇంత సందులో
చీమల్లాంటి అక్షరాలతో "ఫైటరు".
కొమ్ములు కూడా పట్టలేదు పాపం.
రేపు కొత్త పుస్తకం అచ్చేయించుకోని రమ్మన్నా,
గడి కొంచెం వెడల్పుగా.